కొత్తింట్లో మూడు నిద్రలు

ముక్కోణం గదిలో మంచం ఎటు తిప్పి వెయ్యాలో నాకు తెలిసినట్టు ఈ విశాఖపట్నంలో ఇంకెవరికీ తెలీదు. తెలిసి ఏం ఒరిగింది? అలాంటి గదులు కట్టినవాళ్లు కార్లలో తిరుగుతున్నారు. నేను ఇప్పటికీ సిటీ బస్సులో నిలబడే వెళ్తున్నాను.

ఎనిమిదో తరగతిలో బడి మానేసి పెళ్లిపందిళ్లు వేసేవాళ్లతో కలిశాను. అక్కణ్ణించి స్టేజీ డెకరేషన్లు, ఆ తర్వాత అపార్ట్‌మెంట్లలో శాంపిల్ ఫ్లాట్లు అలంకరించే పని. కొనేవాళ్లు వచ్చి చూసేది ఆ ఒక్క ఫ్లాటునే. దాన్ని చూసి మురిసిపోయి సంతకాలు పెడతారు. ఇరుకు గదిని విశాలంగా కనిపించేలా చెయ్యడమే నా ఉద్యోగం. వడ్రంగి చేత అడుగు పొట్టిగా మంచం చేయిస్తాం. పడుకుంటే కాళ్లు బయటికి వస్తాయి, కానీ చూడ్డానికి వచ్చినవాడు పడుకుని చూడడు కదా. గదుల తలుపులు ఊడదీసి ఎక్కడో దాచేస్తాం. కిటికీ ఎంత చిన్నదైనా కర్టెన్ మాత్రం సీలింగు నుంచి నేల దాకా వేలాడుతుంది. దానికి ఎదురుగా అద్దం. బీరువా అసలు పెట్టం. బీరువా కనిపిస్తే మనిషికి తన సామాను గుర్తొస్తుంది.

మధురవాడ అవతల గెడ్డ పక్కన గంగాధరం అనే బిల్డరు కట్టిన బిల్డింగులో మాత్రం నా విద్యలేవీ పనిచెయ్యలేదు. ఆ వాగు వంకర తిరిగినచోట స్థలం కోసుకుపోయింది. ఆ మూలన ప్రతి అంతస్తులోనూ ఒక పడగ్గది పుచ్చకాయ ముక్కలా తయారైంది. లోపలికి పోయేకొద్దీ గోడలు రెండూ దగ్గరికి వచ్చేసి, చివర చీపురు నిలబెట్టేంత సందు మిగులుతుంది. వచ్చినవాళ్లు హాలు చూసి నవ్వేవారు, వంటిల్లు చూసి తలూపేవారు. ఆ గది గుమ్మం దాకా రాగానే చెప్పుల కోసం వెతుక్కునేవారు.

"నీ వల్ల కాదని తేలిపోయింది కదయ్యా పైడిరాజూ," అన్నాడు గంగాధరం ఒకరోజు, పళ్లలో పుల్ల తిప్పుకుంటూ. "రేపు ఒక మేడమ్ వస్తాది. ఆవిడ చెప్పినట్టు చెయ్యి."

ఆ మేడమ్ పేరు డాక్టర్ మందాకిని. చిన్న మనిషి, పెద్ద సంచి. స్కానింగ్ గొట్టంలో పడుకోబెడితే ఊపిరాడక కేకలు పెట్టే రోగులుంటారట. వాళ్ల కోసం ఆవిడ ఒక యంత్రం తయారుచేసింది. దాన్ని పెడితే గొట్టంలో ఉన్న మనిషికి పెద్ద హాల్లో పడుకున్నట్టు ఉంటుంది. ఆస్పత్రులేవీ దాన్ని పట్టించుకోలేదు. గంగాధరం పట్టించుకున్నాడు. డబ్బు పెట్టి హక్కులన్నీ తన పేరున రాయించుకున్నాడు.

అట్లపెనం అంతేసి పలకలు తెచ్చి ఫాల్స్ సీలింగ్ వెనకాల బిగించారు. విడిగా స్విచ్చి పెడితే అదేంటని అడుగుతారని ఎలక్ట్రీషియన్ వాటిని లైట్ల తీగకే కలిపేశాడు. లైటు వేస్తే యంత్రం కూడా నడుస్తుంది.

"వెయ్యండి పైడిరాజు గారూ," అంది మందాకిని.

వేశాను. చప్పుడేమీ లేదు. పంటి మూలాల్లో మాత్రం సన్నగా జివ్వుమంది. గోడలు కదల్లేదు, నేను కళ్లారా చూస్తూనే ఉన్నాను. అయినా ఆ చీపురు సందు వెనక్కి వెళ్లిపోయింది. రేవులో పడవ గట్టు వదిలి జరిగినట్టు, అంత నెమ్మదిగా. గది చివర ఒక మనిషి కుర్చీ వేసుకుని కూర్చుని పేపరు చదువుకోవచ్చు అనిపించింది. నా ఒళ్లంతా చెమట పట్టింది.

"మనిషి తలలో గళ్ల కాగితం లాంటిది ఒకటుంటుంది," అందావిడ, నా మొహం చూసి నవ్వుతూ. "నడిచినా, చూసినా, ఎన్ని గళ్లు దాటామో అది లెక్కపెట్టుకుంటుంది. నేను గడి సైజు తగ్గిస్తున్నాను. నాలుగు గళ్లు పట్టేచోట ఏడెనిమిది పడతాయి. అంతే."

"మరి బయటికెళ్తే?"

"కాసేపట్లో గళ్లు మళ్లీ మామూలైపోతాయి. వచ్చినవాళ్లని ఎక్కువసేపు ఉంచకండి, చాలు."

ఉంచాల్సిన అవసరమే రాలేదు. ఆ గది గుమ్మంలో నిలబడగానే ఆడవాళ్లు "ఇక్కడ ఉయ్యాల వేసుకోవచ్చు" అనేవారు. మగవాళ్లు భుజాలు విప్పుకుని గాలి పీల్చేవారు. కింది ఫ్లాట్లు ఒక్కొక్కటే అమ్ముడుపోసాగాయి. నాకూ ఆ గది అలవాటైంది. మధ్యాహ్నం క్యారేజీ తినేశాక ఏసీ, లైటు వేసుకుని ఆ పొట్టి మంచం మీద ముడుచుకుని కునుకు తీసేవాణ్ణి. ఒకే గదిలో వంటా పడకా కానిచ్చే నాలాంటివాడికి అంత హాయైన నిద్ర ఇంకెక్కడ దొరుకుతుంది?

అంతా బాగానే ఉందనుకుంటున్నప్పుడు మా చెల్లెలు నూకరత్నం వచ్చింది. నా దగ్గరికి కాదు, ఇల్లు కొనడానికి. మొగుడు అప్పల్రాజుని, ఏడేళ్ల కూతురు మోక్షితని వెంటబెట్టుకుని బ్రోకరుతో పాటు నేరుగా శాంపిల్ ఫ్లాట్‌లో దిగింది. అప్పల్రాజు ఒక కంటెయినర్ యార్డులో క్రేను నడుపుతాడు. ఆ గది చూడగానే ఇద్దరూ మురిసిపోయారు. పిల్ల గుమ్మం దగ్గర్నుంచి పరుగు మొదలుపెట్టింది. రెండు అంగల్లోనే ఎదురు గోడకి నుదురు కొట్టుకుని, ఏడవాలో నవ్వాలో తెలీక నిలబడిపోయింది.

"ఈ ఫ్లాటే కావాల," అంది నూకరత్నం. "ఇదే."

వాళ్లని కిందికి దించి టీకొట్టు దగ్గర ఉన్నదున్నట్టు చెప్పాను. గది చిన్నదనీ, పైన అట్లపెనాల్లాంటి పలకలతో యంత్రం ఉందనీ, అది తీసేస్తే మిగిలేది చీపురు సందేననీ చెప్పాను. చెల్లెలు విన్నంతసేపు విని గ్లాసు కింద పెట్టింది.

"నీకు మా పెళ్లిలో కూడా పందిరి వంకరగానే కనిపించిందిరా అన్నియ్యా. ఎవులైనా బాగుపడితే నీ కంట్లో నలుసు పడిపోద్ది."

"నేను నీ మంచికి సెప్తన్నాను."

"ఎప్పుడు నువ్వు నా మంచి సెప్పలేదు? టైలరింగ్ నేర్సుకుంటానంటే మంచి సెప్పినావు, షాపు పెడతానంటే మంచి సెప్పినావు. నువ్వు మంచి సెప్పిన పెతిసారీ నాను ఇంట్లోనే కూకున్నాను."

అప్పల్రాజు మధ్యలో కలగజేసుకుని, "పోన్లే బావా, రిజిస్ట్రేషన్ నాడు ఆ పెనాలేవో బిల్డరు సేత తీయించేత్తానులే. గది ఎంతుంటే అంతే ఉంటాది. మాకు సాలు," అన్నాడు.

అడిగితే గంగాధరం ఒప్పుకున్నాడు కూడా. తీసేస్తారన్నప్పుడు నేనింక మాట్లాడేదేముంది? అయినా ఆ రోజు నుంచి మా ఇంటికి రాకపోకలు బందైపోయాయి. గంగాధరం నన్ను విజయనగరం వైపు ఇంకో బిల్డింగు పనికి పంపించాడు.

అక్కడుండగా మందాకిని ఫోన్ చేసి ల్యాబుకి రమ్మంది. ల్యాబంటే ఎంవీపీ కాలనీలో ఒక మేడ మీది గదులు. వెళ్లేసరికి ఆవిడ మొహం పాలిపోయి ఉంది. ఆవిడ దగ్గర పనిచేసే భానుమతి అనే అమ్మాయి నాకు టీ తెచ్చింది. గ్లాసుని బల్ల మీద పెట్టలేదు, బల్లకేసి కొట్టింది. గ్లాసు పగిలి టీ నా పంచె మీద ఒలికింది.

"సారీ అండీ, బల్ల ఇంకా కిందుందనుకున్నాను," అంది భానుమతి. ఆ మాట పక్క గదిలోవాళ్లకి చెబుతున్నట్టు అరిచి చెప్పింది.

ఆ అమ్మాయి వెళ్లాక మందాకిని తలుపు వేసింది.

"మొన్న యంత్రం నడుస్తుండగా ఈ పిల్ల దాని కింద నిద్రపోయింది. ఒక్కసారే, రాత్రంతా. మెలకువగా ఉన్నప్పుడు మెదడు రాసుకునేదంతా చిత్తుకాపీ పైడిరాజు గారూ. నిద్రలో దాన్ని పక్కాకాపీ చేసుకుంటుంది. గళ్లు సన్నగా ఉన్నప్పుడు నిద్రపోతే ఆ సన్న గళ్లే ఖాయమైపోతాయి. తనకి ఇప్పుడు ప్రపంచమంతా దూరంగా ఉంది. రోడ్డు దాటనివ్వడం లేదు నేను. వచ్చే లారీ ఎక్కడో ఉందనుకుంటోంది."

"మళ్లీ మామూలు అవదా?"

"తెలీదు. అందుకే పిలిచాను. ఆ శాంపిల్ ఫ్లాట్‌లో ఎవరూ నిద్రపోరు కదా?"

"శాంపిల్ ఫ్లాట్‌లో ఎవరు నిద్రపోతారు మేడమ్, చూసి పోతారు గానీ," అన్నాను. నిజంగానే ఆ క్షణంలో నాకు ఇంకేమీ తట్టలేదు.

సాయంత్రం ఇంటికి చేరేసరికి నా భార్య ఈశ్వరమ్మ గుమ్మంలో కూర్చుని చిక్కుడుకాయలు తుంచుతోంది. తలెత్తకుండానే మొదలుపెట్టింది.

"మీ సెల్లి పాలు పొంగించీసింది. మనకి పిలుపు నేదు. మూఢం వచ్చేత్తంది, మూడు నెలల దాకా మంచి రోజు నేదని పంతులు సెప్పేసరికి గబగబా కానిచ్చేసినారట. రిజిస్ట్రేషన్ ఇంకా అవనేదట, తరవాత సేయించుకుంటారట. బిల్డరు తాళాలు ముందే ఇచ్చేసినాడట. మనకేటి, ఇరుకు కొంపలో ఉండేవోళ్లం."

"ఎప్పుడు?"

"మూడు నిద్రలు కూడా అయిపోనాయట."

నా చేతిలో క్యారేజీ కింద పడింది.

కొత్తింట్లో పాలు పొంగించాక మూడు రాత్రులు ఇంటిల్లిపాదీ అక్కడే పడుకోవాలి. మూడు నిద్రలు చెయ్యకపోతే ఇల్లు అచ్చిరాదంటారు. మా వైపు ఆ మూడు రాత్రులూ కొత్తింటిని చీకటి చెయ్యరు. దేవుడి దగ్గర దీపం ఎలా ఉంచుతారో, గదుల్లో లైట్లూ అలాగే ఉంచుతారు. రిజిస్ట్రేషన్ కాలేదు, అంటే పలకలు తియ్యలేదు. లైట్లు ఆర్పలేదు, అంటే పలకలు ఆగలేదు. ఆ యంత్రం కింద ఒక్కరాత్రి పడుకున్న భానుమతి గ్లాసు బల్ల మీద పెట్టలేకపోతోంది. ముచ్చటపడి కొన్న ఆ గదిలోనే వీళ్లు ముగ్గురూ మూడు రాత్రులు పడుకున్నారు, శాస్త్రోక్తంగా.

పిలవని ఇంటికి వెళ్లాను. గుమ్మానికి కట్టిన మామిడాకులు ఇంకా పూర్తిగా ఎండలేదు. తలుపు తీసిన నూకరత్నం నా మొహానికి జానెడు దూరంలో నిలబడి, గెడ్డ అవతలవాణ్ణి పిలిచినట్టు కేకేసింది.

"వచ్చినావా అన్నియ్యా! రా, ఎంత ఇల్లో సూడు!"

లోపల అప్పల్రాజు డ్యూటీకి బయల్దేరుతున్నాడు. చెయ్యి చాచి షర్టు అందుకోబోయి గోడకి గుద్దుకున్నాడు. వేళ్ల కణుపులు అప్పటికే చీరుకుపోయి ఉన్నాయి. పిల్ల మోకాళ్ల నిండా దెబ్బలే. అది నేల మీద కూర్చుని బొమ్మకి బువ్వ పెడుతోంది. చెంచా బొమ్మ నోటి దగ్గర ఆగడం లేదు, మొహంలో దిగిపోతోంది.

నేను నేరుగా ఆ గదిలోకి వెళ్లి లైట్లన్నీ ఆర్పేశాను. జివ్వుమనడం ఆగిపోయింది. వాళ్ల మొహాల్లోకి చూశాను. గది చిన్నదైపోయిందని ఎవరైనా అరుస్తారని, కనీసం తిడతారని ఎదురుచూశాను.

"ఎందుకార్పీనావు?" అంది నూకరత్నం. "చీకట్లో ఇంకా పెద్దగా ఉంటాది."

అప్పల్రాజు చెయ్యి పట్టుకున్నాను. "బావా, నీకు దండం పెడతాను. ఈ పూట క్రేను ఎక్కకు. ఆ మేడమ్ దగ్గరికి పోదాం, ఆవిడే సెప్తాది."

అతను నవ్వాడు. కోపం లేదు, జాలిగా నవ్వాడు. "పెళ్లికి ముందు నుంచీ కంటెయినర్లు దింపుతున్నాను బావా. దూరం ఎంతో నువ్వు నేర్పుతావేటి నాకు? రా, బండి మీద బస్టాపు దాకా దింపుతాను."

అతని బండెక్కలేదు. కానీ అతన్ని ఆపనూ లేకపోయాను. మెట్ల మీద అతని చెప్పులు దబదబా మోగాయి. ప్రతి మెట్టూ అతను అనుకున్నదానికన్నా ముందే వచ్చేస్తోంది.

తెల్లారేసరికి ఫోన్ వచ్చింది. అప్పల్రాజు దింపిన కంటెయినరు లారీ మీద నిమ్మళంగా కూర్చోలేదు, పడింది. లారీ ముందుభాగం నలిగిపోయింది. లోపలున్న డ్రైవరు ఒడిశావాడు, కుర్రాడు. రెండు కాళ్లూ పోయాయి.

ఆస్పత్రి వరండాలో అప్పల్రాజు గోడకి ఆనుకుని నేల మీద కూర్చున్నాడు. అన్నేళ్లలో ఒక్క గీత పడనివ్వని మనిషి. "ఇంకా మనిషెత్తు ఉంది బావా. నా కళ్లతో సూసినాను. మనిషెత్తు ఉంది," అని అదే మాట వచ్చేపోయేవాళ్లందరికీ వినబడేలా అరుస్తున్నాడు. నర్సు వచ్చి నెమ్మదిగా మాట్లాడమంది. అతనికి అది అర్థం కాలేదు. తన లెక్కలో అతను నెమ్మదిగానే మాట్లాడుతున్నాడు.

మందాకిని ఒక దారి చెప్పింది. యంత్రాన్ని తిరగేసి నడపాలి. గడి సైజు పెంచాలి. అలా నడుస్తుండగా నిద్రపోతే కొత్త కాపీ మీద పాత కాపీ పడొచ్చు. పిల్లల మెదడు తొందరగా మారుతుంది కాబట్టి ముందు మోక్షితని తెమ్మంది. ఈసారి నూకరత్నం నన్ను ఒక్క మాట అనలేదు. నేనే ఆటో మాట్లాడాను. దిగేటప్పుడు తల్లీ కూతుళ్లిద్దరినీ చెయ్యి పట్టుకుని, గుడ్డివాళ్లని దింపినట్టు దింపాను.

ల్యాబులో ఒక గది ఖాళీ చేసి పరుపు వేశారు. అది ఎంత పెద్ద గదంటే అందులో పెళ్లివారి బంతి వేసి భోజనాలు పెట్టొచ్చు. పిల్లని పడుకోబెట్టి, తల్లిని పక్కన కూర్చోబెట్టి, మందాకిని పలకలకి కరెంటు ఇచ్చింది. మేము అద్దం ఇవతల నిలబడ్డాం.

ముందు పిల్ల కళ్లు గట్టిగా మూసుకుంది. తర్వాత మోకాళ్లు కడుపులోకి ముడుచుకుంది. తర్వాత అరిచింది. "అమ్మా, పైకప్పు! అమ్మా, నా మీదకొచ్చేత్తంది!" నూకరత్నం రెండు చేతులూ పైకెత్తి, లేని బరువుని ఆపుతున్నట్టు పట్టుకుంది. పిల్ల ఊపిరి పీల్చుకోవడానికి జాగా లేనట్టు నోరు తెరిచి కొట్టుకుంటోంది.

"ఆపండి," అన్నాను.

"నిద్రపోతే చాలు..." అంది మందాకిని.

"అందులో ఎవులు నిద్రపోతారమ్మా? నువ్వు పోతావా? ఆపు!"

మందాకిని కరెంటు తీసేసింది. తీసి అక్కడే కూలబడింది. మందిచ్చి నిద్రపుచ్చితే మెదడు ఆ పక్కాకాపీ చెయ్యదట, ఆ ప్రయత్నం భానుమతి మీద అయిపోయిందట. ఇంకే దారీ లేదంది.

మర్నాడు ఆవిడా నేనూ కలిసి గంగాధరం ఆఫీసుకి వెళ్లాం. ఆయన మమ్మల్ని కూర్చోమన్నాడు, బాదం పాలు తెప్పించాడు. అంతా విన్నాడు.

"క్రేను నడిపేవాడు తాగొచ్చాడని యార్డువాళ్లే అంటున్నారు కదండీ. దానికీ నా గదికీ ఏం సంబంధం?" అన్నాడు. మేడమ్ కాగితాలు బల్ల మీద పెడితే వాటిని చదవకుండానే సర్దేసి తిరిగిచ్చాడు. "మీకింకో మాట చెప్పనా? శాంపిల్ ఫ్లాట్ చూసి కొన్నవాళ్లంతా గొడవ చేస్తున్నారు. మాకిచ్చిన ఫ్లాట్లో గది చిన్నదిగా ఉంది, శాంపిల్‌లో చూసినట్టు ఎందుకు లేదంటున్నారు. వాళ్లడిగిందే ఇస్తున్నాను. అన్ని అంతస్తులకీ పలకలు బిగించేశాం. గెడ్డ అవతల కొత్త బ్లాకుకి కూడా ఆర్డరిచ్చాను."

"తీసేయించండి," అంది మందాకిని. "ఎవరూ దిగకముందే."

"ఎవరూ దిగరులెండి ఇప్పుడే. మూఢం కదా." క్యాలెండరు కేసి చూసి నవ్వాడు. "వెళ్లాక ముహూర్తాలు వరసగా ఉన్నాయి. ఒకేసారి అన్నిళ్లలో పాలు పొంగుతాయి. ఆ సందడి చూడాలి పైడిరాజూ, నువ్వే వచ్చి పూలు కట్టాలి."

నేను పోలీసు స్టేషనుకి వెళ్లాను. ఇల్లు పెద్దదిగా కనిపిస్తోందని కంప్లయింటు ఇస్తావా అని అక్కడ నవ్వారు. కొన్నవాళ్ల ఇళ్లకి వెళ్లి చెప్పాను. ఒకావిడ నన్ను ఆసాంతం విని, మీకు ఆ బిల్డరు బాకీ ఏమైనా ఎగ్గొట్టాడా అని అడిగింది. ఇంకొకాయన తలుపు వేసుకున్నాడు. నా మొహంలోనే ఏదో ఉండాలి. అందులో మంచి ఎవరికీ కనిపించదు.

నూకరత్నం వాళ్లని మా ఇంటికి తెచ్చేశాను. ఒక్క గది, ఓ వసారా. ఇప్పుడు అయిదుగురం. ఇంతకుముందైతే ఒకళ్ల కాలు ఒకళ్లకి తగిలి కొట్టుకునేవాళ్లం. ఇప్పుడు వాళ్ల ముగ్గురికీ అది మైదానం. అన్నం పళ్లెం ముందు కూర్చుని, "కూర ఇటు అందించు" అని ఒకరికొకరు కేకలేసుకుంటారు. అప్పల్రాజు రోజంతా ఒక మూల కూర్చుని, గోడ దాకా చెయ్యి చాపుతాడు, తగలగానే తీసేస్తాడు, మళ్లీ చాపుతాడు. మా ఈశ్వరమ్మ వాళ్లు ఎదురుపడినప్పుడల్లా పక్కకి తప్పుకుంటూ కొంగు నోట్లో కుక్కుకుంటుంది.

నిన్న సాయంత్రం వసారాలో కూర్చుంటే మోక్షిత వచ్చింది. నా భుజాన్ని ఢీకొని, తడుముకుని, ఒళ్లో కూర్చుంది. దాని రెండు చేతులూ నా మెడ చుట్టూ ఉన్నాయి. దాని ఊపిరి నా చెవికి తగులుతోంది.

"మావయ్యా!" అని అరిచింది. "దగ్గరికి రా!"

"ఇక్కడే ఉన్నాను తల్లీ. నా ఒళ్లోనే కూకున్నావు."

"అబద్దం. నువ్వు అవతలున్నావు. అమ్మ కూడా అవతలే ఉంటాది. ఎవులూ రారు. ఎంత పిలిసినా దగ్గరికి రారు."

ఇంకా గట్టిగా హత్తుకున్నాను. ఎముకలు నొప్పి పుట్టేలా హత్తుకున్నాను. "ఇప్పుడో?"

అది తల అడ్డంగా ఊపింది. దాని కళ్లలోంచి నీళ్లు కారుతున్నాయి. తుడుద్దామని చెయ్యెత్తాను. చెంప ఎక్కడుందో కళ్లారా చూసి, నిదానంగానే చాచాను.

నా వేళ్లు వెళ్లి పిల్ల కంట్లో గుచ్చుకున్నాయి.

ఆ పొట్టి మంచం, ఆ ఏసీ గాలి, ఆ మధ్యాహ్నపు కునుకులు అన్నీ ఒక్కసారి గుర్తొచ్చాయి. పిల్ల నా ఒళ్లోనే కెవ్వున అరిచింది. ఆ అరుపు గెడ్డ అవతలి గట్టు మీంచి ఎవరో పిలిచినట్టు, సన్నగా, ఆలస్యంగా వినబడింది.